అవుకు కాడ సముద్రం

"బీచి మాదిరి పడల్ల హుసేనన్నా"
అనింది ఉరుకుందమ్మ,
ఫోన్లో ఎవరిదో పెండ్లి ఫొటో చూపిస్తా.
వైజాగంట. ఆకాశమంతా ఎరుపంట.
చీరకొంగు గాల్లో జెండా అయినాదంట.
వైజాగు పోనూ రానూ ఖర్చంటే
మద్దిలేటికి పాలిష్ ఫ్యాక్టరీలో పదిదినాల కూలి.

నాకూ సముద్రం తెలీదు.
మా నాయన స్టూడియోలో గోడకు ఒకటుండె,
గుడ్డమీది సముద్రం:
రెండు కొబ్బరిచెట్లు, ఒక తెరచాప,
మడత పడినకాడ రంగు రాలి
అల నడుమ తెల్లటి గీత.
బనగానపల్లె పిల్లలు శానామంది
ఆ ఒడ్డునే ఏడ్చి ఏడ్చి
మొదటి పుట్టినరోజు ఫొటో దిగినారు.

సరే, అవుకు రిజర్వాయరుకు పోదాం అంటి.

నీళ్లుండాయి.
అవతలి ఒడ్డూ ఉండాది, అదే చిక్కు.
సముద్రానికి అవతలి ఒడ్డు కనపడగూడదు కదా.
కొండను ఫ్రేములో కోసేస్తి.
కరెంటు స్తంభాన్ని ఆమె తల వెనక దాస్తి.
బర్రెలు నీళ్లు తాగిపోయేదాకా కాచుకుంటి.
ఇంక అలలు.
పెండ్లికూతురి తమ్ముడు సుంకన్న
ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి
ఫ్రేము బయట నిలబడి
కాళ్లతో నీళ్లను తన్ని తన్ని అలలు పంపించినాడు,
నేను "ఇంగా" అన్నప్పుడంతా
లోపల్లోపల తిట్టుకుంటా.

పొద్దు కుంకింది.
కారం నూరిన రోలు కడిగితే వచ్చే నీళ్లు ఉంటాయే,
ఆ రంగు.
దాని తర్వాత పదినిమిషాలు ఒక నీలం వస్తాది.
ఫొటోలు తీసేటోనికే దాని లెక్క తెలుస్తాది,
తక్కినోళ్లు అప్పటికి చెప్పులు వెతుక్కుంటుంటారు.
ఆ నీలంలో వాళ్లిద్దరూ వట్టి నీడలు.
చేతులు మాత్రం ఎవరివి ఎవరివో తెలీకుండా.

"వెన్నెల్లో ఒక్కటన్నా" అనింది.
పున్నమి దాటి రెండు దినాలు, చంద్రుడింకా లేవలే.
కాచుకుంటిమి.
మద్దిలేటి ఒడ్డున బండమీద కూచోని
అరచేత్తో దాన్ని తడుముతా తడుముతా
"ఇట్ల రా" అన్యాడు ఆమెను. ఫోను లైటేసి చూపించినాడు.
బండమీద గీతలు, వంకర వంకరగా,
ఒకదాని వెనక ఒకటి,
ఇసుకమీద నీళ్లు వెనక్కి పోతా వదిలేసినట్ల.
"ఈడంతా ఒకప్పుడు సముద్రమేనంట. గనుల సారు చెప్పినాడు.
ఇవి దాని అలలంట.
మా ఫ్యాక్టరీకి ఇట్లాంటి రాళ్లు ఎన్నొస్తాయో.
అలలుండేది ఎవరూ కొనరు, నున్నగుండల్ల.
మిషన్ కింద పెట్టి వాటిని అరగదీసేదే నా పని."

ఆమె అతని జుట్టు దులిపింది,
ఎన్ని నీళ్లు పోసుకున్యా పోని తెల్లదుమ్ము.
సుంకన్న కాళ్లు తుడుచుకుంటా
"ముందే చెప్పింటే నాకీ కష్టం తప్పేది కద బావా"
అన్యాడు.

చంద్రుడు మా వెనకనుంచి లేచినాడు.
కొండ వెలుతురుకొచ్చింది. ఈసారి కోయలేదు.
కెమెరాను స్టాండుకు బిగించి
"ముప్పై సెకన్లు కదలొద్దండి" అంటి.
ఏడో సెకనుకే ఆమెకు నవ్వొచ్చింది,
ఏమైందని అతను తిరిగినాడు,
ఇద్దరూ పొగలాగ చెరిగిపోయినారు.
రాయి కదల్లేదు.
పక్కనుంచి పడిన వెన్నెలకు
ఒక్కొక్క గీతా నీడ పట్టుకోని
ఇప్పుడే విరిగి పోయిన అల మాదిరి వచ్చింది.

ఆల్బంలో నలభై ఫొటోలు. అన్నీ వైజాగే.
చెరిగినదాన్ని నేను పెట్టలే.
ఆమే అడిగి కార్డులో వెతికించుకోని
"ఇది పెద్దదిగా కొట్టియ్యన్నా" అనింది.
దానికి దుడ్లు రాయలే నేను.
కొట్టించినాక చూస్తే,
అవతలి ఒడ్డున ఎవరింట్లోదో దీపం
అందులో పడింది.